బోరు పొడి ఎవరికి పోయింది

సిద్దిపేట చరిత్ర రాయదలచిన పండితులు చెరువుల గురించి రాశారు, గుట్టల గురించి రాశారు, ఏ ఎన్నికలో ఎవరు ఎన్ని ఓట్లతో గెలిచారో కూడా విసుగులేకుండా రాశారు. ఊరి కింద ఆరువందల అడుగుల లోతున ఏముందో మాత్రం ఒక్కడే రాశాడు. అతని పేరు రాజమల్లయ్య. చదువు తొమ్మిదో తరగతి, అదీ అర్ధసంవత్సర పరీక్షల దాకానే. రాసినవి ముప్పై ఒక్క నోటుబుక్కులు. వాటిలో ఎనిమిదింటి అట్టల వెనక ఎక్కాలు కూడా ఉన్నాయి.

కల్లు గీతకు తాళ్ళెక్కే బుచ్చిరాములు మూడో కొడుకు అతను. పైకెక్కడం కులవృత్తి అయిన ఇంట్లో పుట్టి, కిందికి దిగడాన్ని వృత్తిగా ఎంచుకున్నాడు. పంతొమ్మిదో ఏట బోరు బండి మీద హెల్పరుగా చేరి ఇరవయ్యారేళ్ళు అందులోనే గడిపాడు. "మా నాయిన నలభై అడుగులు పైకి పోయేటోడు. నేను ఆరువందల అడుగులు కిందికి పోయిన. ఇద్దరికి దొరికింది అంతంతే" అని తన జీవితచరిత్రను తానే రెండు ముక్కల్లో చెప్పుకునేవాడు.

బండి మీద హెల్పరు చేయవలసిన పని రాడ్లు లెక్కపెట్టడం. ఒక్కో రాడ్డు ఇరవై అడుగులు. లెక్క తప్పితే బోరు వేయించుకున్నాయనకూ బండి వాళ్ళకూ తగాదా. అందుకని డ్రిల్లరు అతని చేతిలో ఒక నోటుబుక్కు పెట్టి, రాడ్డు దిగినప్పుడల్లా ఒక గీత గీయమన్నాడు. గీత గీస్తే సరిపోయేది. కాని రాజమల్లయ్యకు ఊరికే గీతలు గీయడం చిన్నతనంగా తోచింది. రాడ్డు రాడ్డుకూ పైకి ఎగదన్నే పొడి ఒక పిడికెడు పట్టుకుని, తడిపి, వేళ్ళ మధ్య నలిపి, ఎండకు పెట్టి చూసేవాడు. తర్వాత రాసేవాడు. తేదీ, ఇంటాయన పేరు, వాడ, రాడ్డు నంబరు, రాయి రంగు, పగులు వచ్చిందా, నీళ్ళు పడ్డాయా. గులాబి రాయి, నల్ల రాయి, చారల రాయి. నీళ్ళ జాడ చూసేవాడి అరచేతిలో కొబ్బరికాయ నిలబడ్డ చోట బోరు వేస్తే నీళ్ళకు బదులు పొగ వచ్చిన సంఘటనలు కూడా వ్యాఖ్యానం లేకుండా నమోదయ్యాయి. పదిహేడో నోటుబుక్కు నిండా వేములఘాట్ ఉంది. నలభై బోర్లు వేస్తే పదకొండింట్లో నీళ్ళు పడ్డ ఊరు. రిజర్వాయరు కింద మునిగి ఇప్పుడా ఊరంతా నీళ్ళే. ఆ పుస్తకాన్ని మాత్రం రాజమల్లయ్య ఎవరికీ చదివి వినిపించడు.

ఇవన్నీ అయ్యాక ఆఖర్న ఒక గడి ఉండేది. దాని పేరు "పొడి ఎవరికి". ఆరువందల అడుగుల బోరు వేస్తే రెండు ట్రాక్టర్ల రాతిపొడి వాకిట్లో కుప్ప పడుతుంది. వాడలో ఇల్లు కట్టుకుంటున్న ప్రతివాడి కన్నూ దాని మీదే. మొరం మట్టి దొరకని కాలంలో బేస్‌మెంటు నింపుకోవడానికి అంత మంచి సరుకు మరొకటి లేదు. ఈ రోజు కుప్ప కనిపిస్తుంది, రేపటికి కనిపించదు. ఇంటాయన వచ్చి, "నా పొడి అమ్ముకున్నరా?" అని బండి వాళ్ళ మీద పడతాడు. అందుకని పొడి ఎవరు ఎత్తుకుపోతే వాళ్ళ పేరు రాజమల్లయ్య ఆ గడిలో రాసిపెట్టేవాడు. దీనికి మెచ్చి బండి వాళ్ళు అతనికి "బోరు పట్వారి" అని బిరుదు ఇచ్చారు. బిరుదులో మెప్పు తక్కువ, వెక్కిరింపు ఎక్కువ.

నడుము పట్టేశాక రాజమల్లయ్య బండి దిగి, డిగ్రీ కాలేజీ జియాలజీ ల్యాబులో అవుట్‌సోర్సింగు అటెండరుగా కుదిరాడు. చేరిన వారానికి బీరువాలు తుడుస్తూ ఒక రాయి చేతికి తీసుకుని, "మేడం, దీని మీద సిద్దిపేట రాయి అని చీటి ఉన్నది గాని, ఇది మన రాయి కాదు. మన రాయికి గింత మెరుపుండదు" అన్నాడు. మేడం పేరు నవనీత. హుస్నాబాద్ మనిషి, రాళ్ళ మీద పీహెచ్‌డీ చేసినామె. రాయిని అటూ ఇటూ తిప్పి చూసి, చీటీ పీకేసి, "మల్లన్నా, నువ్వు ఇంతకుముందు ఏం చేసేటోనివి?" అని అడిగింది. మర్నాడు నోటుబుక్కులున్న ఇనుప సందూక ఆటోలో కాలేజీకి వచ్చింది.

ఆమె అప్పటికి రెండేళ్ళుగా ఒక చిక్కుతో కుస్తీ పడుతోంది. మన కింద ఉన్న గులాబి రాయిలో యురేనియం లేశమాత్రం ఉంటుంది. అది కాలక్రమాన అరిగి అరిగి రేడాన్ అనే వాయువును విడుస్తుంది. రంగు లేదు, వాసన లేదు, చప్పుడు లేదు. బయట గాలిలో కలిస్తే దాని లెక్కే లేదు. నేల పగుళ్ళ గుండా ఇంట్లోకి చేరి, మూసిన గదుల్లో నిలవ ఉంటే మాత్రం ఏళ్ళ తరబడి పీల్చినవారి ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఇల్లిల్లూ కొలవడం అయ్యే పని కాదు. కనుక కింద ఏ రాయి ఉందో తెలిస్తే పైన ఏ ఇంట్లో ఎంత ఉంటుందో ముందే అంచనా కట్టవచ్చని ఆమె ఆలోచన. కాని ఆమె దగ్గరున్న మ్యాపులో పట్టణం మొత్తం ఒకే రంగు. ఇప్పుడు వాడవాడకూ రాడ్డు రాడ్డుకూ రాసిన రాయి చేతికి వచ్చింది. ఆమె నాలుగు నెలలు కూర్చుని నోటుబుక్కులన్నీ కంప్యూటరుకు ఎక్కించింది. గులాబి రాయికి ఎరుపు, నడిమి రకాలకు పసుపు, నల్ల రాయికి ఆకుపచ్చ, ఈ రంగుల్లో సిద్దిపేట కొత్తగా పుట్టింది.

"ఆఖరి గడి ఎక్కియ్యలేదేంది మేడం?" అని అడిగాడు రాజమల్లయ్య, ఆమె వెనక నిలబడి.

"అది మనకు పనికిరాదు మల్లన్నా. పొడి ఎవరు తీసుకపోతే రాయికేంది?"

నిజమే కాబట్టి అతను బీరువాలు తుడవడానికి పోయాడు. ఇరవయ్యారేళ్ళు తిట్లు తప్పించిన గడి కదా అని లోపల కొంచెం చివుక్కుమంది.

అంచనాను పరీక్షించడానికి యూనివర్సిటీ నుంచి డాక్టర్ దినేశ్ అనే పెద్దమనిషి వచ్చాడు. మ్యాపు చూసి తల ఊపాడు. నోటుబుక్కు చూసి తల ఊపడం ఆపాడు. మూలన మూడు చోట్ల గ్రీజు మరక, ఒక చోట కల్లు మరక. "మేడం, ఇది రిగ్గు హెల్పరు రాసుకున్న పద్దు. దీన్ని డేటా అంటే మనల్ని చూసి నవ్వుతారు" అన్నాడు. రాజమల్లయ్య అదే గదిలో టీ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉన్నాడు. టీ ఇచ్చి బయటికి వచ్చాడు. ఎవరూ గమనించలేదు గాని, దినేశ్ గారి గ్లాసులో ఆ రోజు చక్కెర పడలేదు.

చివరికి ఒడంబడిక కుదిరింది. అరవై ఇళ్ళలో డబ్బీలు తగిలించాలి. దీపావళి వెళ్ళాక పెట్టి, తొంభై రోజులు ఉంచి, శివరాత్రికి ముందు తీయాలి. మ్యాపు చెప్పిందీ డబ్బీ చెప్పిందీ నాలుగింట మూడు వంతులు కలిస్తే నోటుబుక్కులు డేటా. కలవకపోతే పాత కాగితాలు.

ఈ తీర్పు ఇంటికి కూడా వర్తించేట్టు భార్య లింగవ్వ మరో షరతు కలిపింది. ఆమె నైరుతి గదిలో కూర్చుని పొద్దంతా బీడీలు చేస్తుంది. కాలేజీకి పోయి వచ్చిన ఆ నాలుగు నెలలు తప్ప, సందూక ఆ గదిలోనే కాలు చాపుకునే జాగ ఆక్రమించి పదేళ్ళయింది. "నీ పుస్తకాలు పనికొస్తయని ఆ చదువుకున్నోళ్ళంటే సందూక ఉంటది. లేదంటే పాత సామాన్లోనికి పోతది. దుప్పట్లు పెట్టుకోను జాగ లేదు నాకు" అన్నది. రాజమల్లయ్య ఒప్పుకున్నాడు. తన రాత మీద అతనికి అంత నమ్మకం.

అరచేతిలో పట్టే ప్లాస్టిక్ డబ్బీ, మూతికి జాలి, లోపల గోరంత ఫిల్ము. ఇంతే సరంజామా. గోడకు జానెడు దూరంలో, చెయ్యందని ఎత్తులో తగిలించి మరిచిపోవాలి. సిద్దిపేటలో ఒక వస్తువును తగిలించవచ్చు. మరిచిపోవడం అసాధ్యమని రాజమల్లయ్యకు మొదటి రోజే తెలిసింది.

మొదటి ఇల్లు సుమిత్రమ్మది. ఇరవై ఎకరాల ఆసామి భార్య. వాకిట్లో కుర్చీ వేసుకుని కందులు చెరుగుతోంది.

"గిదేంది మల్లయ్యా?"

"గాలి కొలిచే డబ్బీ అమ్మా."

"తగిలిస్తే ఏం వస్తది?"

"ఏం రాదమ్మా."

"ఏం రానిదానికి నా గోడకు మొలెందుకు? స్కీమా?"

"స్కీము కాదు."

"మరి ఏ పార్టోళ్ళది?"

"పార్టీ కాదమ్మా, కాలేజోళ్ళది. భూమిల నుంచి ఒక గ్యాసు వస్తదట. మీ ఇంట్ల ఉన్నదా లేదా చూస్తరు."

సుమిత్రమ్మ చాట కింద పెట్టింది. "అంటే మా ఇంట్ల గ్యాసున్నదని ఊరంత చెప్పనీకె వచ్చినవా? మా కోడలు తమ్మునికి సంబంధాలు చూస్తున్నరు. మా ఇంటి గాలికేం రోగమొచ్చింది?"

అరగంట నచ్చజెప్పాక డబ్బీ తగిలింది. ఆవిడ దానికి బొట్టు పెట్టింది.

గజేందర్ ఇంటి దగ్గర బొట్టు దాకా కూడా రాలేదు. ప్లాట్లు అమ్మే వ్యాపారం, మూడంతస్తుల కొత్త ఇల్లు, మ్యాపులో నడి ఎరుపు. ఫోనులో మ్యాపు చూసి, "ఏందన్నా, నా ఇంటి మీద ఎర్రరంగేసినవ్? ఎవలన్న చూస్తే నా ప్లాట్లు అమ్ముడుపోతయా? తీసుకపో నీ డబ్బీ. నాలుగు పెయింటు డబ్బాలు కావాలంటే నేనిస్త, పచ్చరంగెయ్యి" అన్నాడు. రాజమల్లయ్య డబ్బీ జేబులో వేసుకుని వచ్చి, దాన్ని వృథా చేయడం ఎందుకని తన ఇంట్లోనే లింగవ్వ కూర్చునే గదిలో తగిలించాడు. తన ఇల్లు ఆకుపచ్చలో ఉంది. ఆ ఇంట్లో బోరు అతను దగ్గరుండి వేయించుకున్నదే. ఇరవై రాడ్లు, పైనుంచి కిందిదాకా నల్ల రాయి. ఒక్క ఇల్లయినా ఖాయంగా కలుస్తుంది కదా అనుకున్నాడు.

నెల తర్వాత తనిఖీకి బయలుదేరాడు. ఒక ఇంట్లో డబ్బీ శుక్రవారం శుక్రవారం కడుగుతున్నారు. ఒక ఇంట్లో, "లోపల మందేదో ఉన్నదన్నవ్ గదా, పాడైతదని" ఫ్రిజ్జులో పెట్టారు. ఇంకో ఇంట్లో మొల ఉంది, డబ్బీ లేదు.

"మా చెల్లె తొగుటల ఉంటది. దాని ఇంట్ల గూడ గాలి మంచిగ లేదంటే పది రోజులు పంపిన. గుంజుకున్నంత గుంజుకుంటది గదా!" అన్నది ఆ ఇల్లాలు. డబ్బీ గ్యాసును పీల్చి పారేస్తుందని వాడంతా నమ్ముతోందని అప్పుడు బయటపడింది. ఆ డబ్బీ తొగుట నుంచి వచ్చాక పక్కింటివాళ్ళు వంతు అడిగారు.

వీళ్ళ కంటే గౌరవస్తులతో ఎక్కువ కష్టం. నాలుగిళ్ళవాళ్ళు డబ్బీ తగిలించిన రోజు నుంచి కిటికీలు, తలుపులు బార్లా తెరిచిపెట్టారు. ఎప్పుడూ మూసి ఉండే ఇళ్ళు.

"ఎందుకు తెరిచిన్రు సారూ? రోజు ఎట్లుంటరో అట్లనే ఉండమంటి గదా!"

"ఎట్లుంటమయ్యా? కొలిచెటోళ్ళొచ్చి మన ఇంటి గాలి బాగలేదని తేలిస్తే పరువేం గావాలె? డబ్బీ తీసినంక మూస్తం తీ."

ఇక కోతులు. సిద్దిపేటలో కిటికీలు ఎందుకు మూసి ఉంటాయో రేడాన్ శాస్త్రవేత్తలకు తెలియదు, సిద్దిపేట వాళ్ళకు తెలుసు. రెప్పపాటు తెరిస్తే గుంపు లోపల ఉంటుంది. అవి మూడు డబ్బీలు ఎత్తుకుపోయాయి. ఒకటి వేపకొమ్మకు వేలాడుతూ దొరికింది. నవనీత మేడం నిట్టూర్చి, దాన్ని "బయటి గాలి" అని నమోదు చేసింది.

శివరాత్రికి ముందు డబ్బీలు తీస్తే లెక్కకు పనికొచ్చినవి నలభై నాలుగు. ఫిల్ముల్ని ఘాటైన వేడి కాస్టిక్ సోడా నీళ్ళలో ఉంచి, సూక్ష్మదర్శిని కింద రేడాన్ వదిలిన చుక్కలు లెక్కపెట్టాలి. మేడం తొమ్మిది రోజులు లెక్కపెట్టింది. రాజమల్లయ్య ఆ తొమ్మిది రోజులూ గది బయట స్టూలు మీద, లోపల పురుడు జరుగుతున్నట్టు కూర్చున్నాడు.

పదో రోజు ఆమె బయటికి వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది.

"ఇరవై తొమ్మిదే కలిసినయి మల్లన్నా. ముప్పై మూడు కావాలె."

"తప్పినయెన్ని?"

"పదిహేను. నాలుగిళ్ళు ఎరుపులుండి తక్కువొచ్చినయి, వాళ్ళు కిటికీలు తెరిచిన ఘనులు. దానికి కారణం తెలుసు. పదకొండిళ్ళు ఆకుపచ్చలుండి ఎక్కువొచ్చినయి. అదే అర్థమైతలేదు. కొలత మూడువందలు దాటితే ఊరుకోవద్దంటరు. అన్నిటికంటే ఎక్కువ నాలుగువందల పన్నెండు. అది మీ ఇల్లు."

మేడం ఫోను మోగింది. దినేశ్ గారు. స్పీకరు మీద ఉన్న సంగతి ఆయనకు తెలియదు.

"నేను ముందే చెప్పాను కదండీ. తన ఇంటి కింద ఏముందో తెలియని మనిషి ఊరి కింద ఏముందో ఏం రాసి ఉంటాడు? వదిలేయండి."

రాజమల్లయ్య సైకిలు తీసుకుని ఇంటికి వచ్చాడు. దారిలో ఎవరు పలకరించారో, ఎవరికి జవాబు చెప్పాడో గుర్తులేదు. ఇరవయ్యారేళ్ళు ఎండలో, ఆ పొగలో, పిడికెడు పిడికెడు పొడి పట్టుకుని చూసిన చేతులు అబద్ధం రాశాయని తేలింది. అందరి ఇళ్ళ సంగతీ అలా ఉంచితే, తన ఇంటి బోరు! ఇరవై రాడ్లు! ప్రతి రాడ్డు పొడీ ఈ చేతులతోనే నలిపాడు. నల్ల రాయి కాకపోతే ఏమిటి?

లింగవ్వ చాట ఒళ్ళో పెట్టుకుని బీడీ ఆకు కత్తిరిస్తోంది. కిటికీ మూసి ఉంది. ఫ్యాను ఆగి ఉంది. గాలి తగిలితే ఆకు ఎండుతుంది, తంబాకు ఎగురుతుంది. మొగుడి మొహం చూసి సంగతి గ్రహించింది.

"పాత సామాన్లోన్ని రేపు పిలువన్నా?"

"పిలువు. నన్ను గూడ తూకమెయ్యమను."

"ఏమన్నరు?"

"మన ఇంట్లనే అందరికన్న ఎక్కువున్నదట. నువ్వు కూసున్న గీ అర్రలనే."

"నేను కూసున్న కాడనా?" ఆమె కత్తెర ఆగింది. "ముప్పై ఏండ్ల సంది తంబాకు దుమ్ము తింటున్న. గిదొకటి తక్కువైందా?"

"కింద ఉన్నది నల్లరాయే లింగవ్వా. గా రాయిల ఆ గ్యాసు లేదు. నేనబద్ధం రాయలే. సావనన్న సస్త గని అబద్ధం రాయ."

"రాయి, రాయి అని రాయి పట్టుకుంటవేంది?" లింగవ్వకు కోపం వచ్చింది. ఆ కోపం రేడాన్ మీద కాదు, అంతకంటే పాతది. "రాయి మీద పండుకుంటున్నమా మనం? పొడి మీద పండుకుంటున్నం. ఊళ్ళె ఎవలింట్ల బోరేసినా ఆ దుబ్బంత ట్రాక్టరుల ఏసుకొచ్చి గీడ పోసినవ్. పదకొండు బోర్ల పొడి! గోడలు లేశినంక తట్టలకెత్తి లోపల పోసింది ఎవలు? నేనుగాదా? నా నడుము గప్పుడే పోయింది. నైరుతి ఎత్తుండాలెనని గీ అర్రల ఇంకో రెండు ట్రాక్టర్లు ఎక్కువ పోపిస్తివి. మరిచినవా?"

రాజమల్లయ్య ఆమె వంక చూశాడు. తర్వాత నేల వంక చూశాడు. గచ్చు మీద గోడ పక్కన వెంట్రుకంత పగులు, పదేళ్ళుగా ఉన్నదే. తర్వాత సందూక వంక చూశాడు.

సందూక మూత తీస్తుంటే లింగవ్వ, "గిప్పుడేంది మళ్ళ?" అంటూనే ఉంది. అతను మధ్యలో ఉన్నవేవీ చూడలేదు. తేదీ, రాడ్డు, రంగు, ఏదీ కాదు. వేలు ఆఖరి గడి మీద పెట్టుకుని పేజీ తర్వాత పేజీ తిప్పాడు. "పొడి: స్వంతానికి." "పొడి: స్వంతానికి." అలా పదకొండు చోట్ల. వాటిలో తొమ్మిది బోర్లు గులాబి రాయి వాడలోవి. నీళ్ళు పడని బోర్లయితే ఇంకా లోతుకు పోయినవి, అంటే ఇంకా ఎక్కువ పొడి. గడ్డపారతో కొట్టినా పగలని రాయిని పిండి చేసి, ట్రాక్టరు కిరాయి తానే పెట్టుకుని, ఇంటికి తెచ్చుకుని, భార్య కింద పరిచాడు.

మర్నాడు కాలేజీ తెరవకముందే ముప్పై ఒక్క నోటుబుక్కులూ మేడం బల్ల మీద ఉన్నాయి. ప్రతి దాంట్లో పేజీల మధ్య బీడీ ఆకు గుర్తులు.

"సుమిత్రమ్మ కొట్టం పక్క కొత్త అర్రలు, ఇదిగో, తొమ్మిదో పుస్తకం. గులాబి రాయి పొడి నాలుగు ట్రాక్టర్లు పోయింది. గీ శ్రీనివాస్ సారు ఇల్లు, ఇరవై రెండో పుస్తకం, మూడు బోర్ల పొడి. మేడం, మీరు కింద రాయి చూసిన్రు. వీళ్ళు పైన పోసుకున్నరు."

నవనీత ఒక్కో పేజీ చూస్తూ పోయింది. పదకొండిళ్ళలో తొమ్మిదింటి పేర్లు ఆఖరి గడిలో ఉన్నాయి. మిగతా రెండూ దొరకలేదు. పొడి చేతులు మారి ఉంటుంది, లేదా ఆ రోజు రాజమల్లయ్యకు జ్వరం వచ్చి ఉంటుంది. ఆఖరి పుస్తకం మూసి ఆమె అన్నది:

"గడి తీసేసింది నేనే మల్లన్నా."

అతను జవాబుగా ఇంకో పుస్తకం తెరిచి ముందుకు జరిపాడు. వినయం అంటే అదేనని ఆమె అనుకుని ఉంటుంది. నిజానికి మాట్లాడితే ఏం నోరు జారుతుందోనని అతని భయం.

"ఈ తొమ్మిదిళ్ళలో పొడి ఎక్కువ ఎక్కడ పోస్తరు?"

"నైరుతిల. నైరుతి ఎత్తుంటేనే ఇంటికి మంచిదంటరు గదా. ఇంటి పెద్ద మంచం గూడ ఆడనే ఏస్తరు."

వాస్తు పుణ్యమా అని, ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో వారి మంచం కిందే ఎక్కువ పొడి చేరింది. దీన్ని ఇంతకంటే గంభీరంగా ఎలా చెప్పాలో తెలియక మేడం దాన్ని పట్టికగా వేసింది. కింద రాయి ఒక వరుస, పైన పొడి ఒక వరుస. ఇరవై తొమ్మిది కాస్తా ముప్పై ఎనిమిది అయింది. దినేశ్ గారు పది రోజులకు జవాబు రాశారు. "ఆసక్తికరం. నోటుబుక్కులను మూలంగా పేర్కొనవచ్చు. అయితే మరో ఏడాది కొలిస్తే గాని నిర్ధారించలేం." పేర్కొన్నారు. పట్టిక అడుగున చీమంత అక్షరాల్లో "మూలం: రాజమల్లయ్య నోటుబుక్కులు, 1 నుంచి 31 వరకు" అని ఉంది. రాజమల్లయ్య ఆ కాగితం ఇంటికి తెచ్చి లింగవ్వకు చూపించాడు. ఆమె చదవలేదు, చదువు రాదు. సందూక మీద దుప్పట్లు సర్ది, "ఉండనియ్యి మరి" అన్నది.

కథ ఇక్కడ ముగిస్తే రాజమల్లయ్య గెలిచినట్టు ఉంటుంది. కాని తొమ్మిది ఇళ్ళకు వెళ్ళి చెప్పవలసిన పని మిగిలింది. పగుళ్ళు సిమెంటుతో పూడ్చుకోండి, పగటిపూట కిటికీలు తెరవండి, వీలైతే మంచం ఇంకో గదిలో వేసుకోండి. అందరూ శ్రద్ధగా విన్నారు. మంచం నైరుతి నుంచి కదిలిస్తే ఇల్లే కదులుతుందన్నారు. పగుళ్ళు పూడిస్తే గచ్చు మీద మచ్చ కనబడుతుందన్నారు. గజేందర్ ఎదురొచ్చి మరీ ఆపి, "అన్నా, నేను బోరు పొడి పోసుకోలే, మొరం పోసుకున్న. నా ఇల్లు మంచిదని ఒక కాగితం రాసియ్యి, ప్లాట్ల కాడ ఫ్లెక్సీ కడ్త" అన్నాడు. కిటికీల సంగతి వచ్చేసరికి సుమిత్రమ్మ వాడ తరఫున తీర్పు చెప్పింది.

"కిటికీలు తీసుడు పెద్ద పనా మల్లయ్యా? తీస్త. నువ్వొచ్చి కోతులను కొడ్తవా?"

దీనికి శాస్త్రంలో జవాబు లేదు. జాలీలు బిగించుకోమన్నాడు. కోతులు జాలీలను చింపిన కిటికీలు ఆవిడ వేలెత్తి చూపించింది.

ఇంటికి వచ్చి లింగవ్వతో కిటికీ తెరవమన్నాడు. పగులు అప్పటికే పూడ్చాడు, అది అతని చేతిలో పని. కిటికీ ఆమె చేతిలో ఉంది.

"బయట అరుగు మీద కూసుండరాదే!"

"ఎండ తగిలితే ఆకు పనికిరాదు. ఈడనే కూసుంట."

"గట్లయితే కిటికి తెరువు."

"తెరుస్త. కోతులొస్తే?"

ఇప్పుడు కాలేజీ అయ్యాక సాయంత్రాలూ, ఆదివారాలు పొద్దంతా మీరు ఆ వీధిలో వెళితే, కిటికీ బయట స్టూలు మీద రాజమల్లయ్య కనిపిస్తాడు. చేతిలో కట్టె. ఆరువందల అడుగుల లోతు చూసిన మనిషి గోడ మీదికి చూస్తూ కూర్చుంటాడు. ఒళ్ళో ముప్పై రెండో నోటుబుక్కు. తేదీ, కిటికీ తెరిచిన గంటలు, గాలి ఉందా లేదా, వచ్చిన కోతులు. ఆఖర్న ఒక గడి ఉంది. ఏం రాయాలో తెలియదు గాని గీత గీసి ఉంచాడు. ఏ గడి ఎప్పుడు పనికొస్తుందో ఎవరు చెప్పొచ్చారు?

లోపల్నుంచి లింగవ్వ దగ్గు వినిపిస్తే కట్టె కింద పెట్టి తొంగి చూస్తాడు. తంబాకు దగ్గో, మరో దగ్గో అతనికి తెలియదు. డబ్బీకి కూడా తెలియదు.

"గాలొస్తున్నదా?" అని అడుగుతాడు.

"గాలొస్తున్నది. ఆకు ఎండుతున్నది. నువ్వు గటు జూడు, పెద్దది గోడెక్కింది" అంటుంది లింగవ్వ.